బ్లెండర్‌లో ఇల్లు కట్టుకుని బొమ్మలు వేస్తే మోసమా? ఏడాదిన్నర వాడాక నా రివ్యూ

రేటింగ్ కోసం చూసేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు. యానిమేషన్ చేసేవాళ్ళకి ఈ రివ్యూ పనికిరాదు. నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను, కాగితం మీద, ఇంకుతో, నీటిరంగులతో. బ్లెండర్ అంటే కంప్యూటర్‌లో త్రీడీ వస్తువులు కట్టుకునే సాఫ్ట్‌వేర్. దాన్ని నేను వాడేది ఒకే ఒక్క పనికి: బొమ్మ వేసేముందు చూసుకోడానికి తెర మీద ఒక నమూనా కట్టుకుంటాను. అలా వాడొచ్చా వాడకూడదా అని ఈ ఏడాదిన్నరలో నాతో వాదన పెట్టుకున్నవాళ్ళు పదిమందైనా ఉంటారు, అందులో ఇద్దరు బాగా దగ్గరివాళ్ళు, అందుకని సాఫ్ట్‌వేర్ గురించి ఎంత రాస్తానో ఆ గొడవ గురించీ అంతే రాస్తాను. రెండూ విడదీయడం నాకు చేతకాదు.

నాకు 24 పేజీల పుస్తకం ఒకటి వచ్చింది. కథంతా ఒక మండువా ఇంట్లోనే. ఒక పిల్ల, ఒక పిల్లి, రోజంతా వాన. మండువా ఇల్లు తెలిసినవాళ్ళకి నా కష్టం అర్థమవుతుంది. నడిమధ్య ఆకాశం కనిపించే ఖాళీ, చుట్టూ నాలుగు వసారాలు, నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికే వాలుతుంది, వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ మధ్యలో పడి తూములోంచి బయటికి పోతాయి. ఒక్క బొమ్మయితే ఎలాగో లాగించేయొచ్చు. అదే ఇంటిని పిల్లి కూర్చున్న ఎత్తులోంచి ఒకసారి, దూలం మీంచి కిందికి ఒకసారి, వంటింటి గుమ్మంలోంచి ఒకసారి, ఇలా పద్నాలుగు సార్లు వేయాలి, పద్నాలుగు సార్లూ అది అదే ఇల్లయి ఉండాలి. మూడో బొమ్మకే నా ఇంట్లో ఎనిమిది స్తంభాలు తొమ్మిదయ్యాయి. ఐదో బొమ్మలో వంటిల్లు ఈ మూల నుంచి ఆ మూలకి నడిచి వెళ్ళిపోయింది. ఇలాంటివి పెద్దవాళ్ళు చూసీ చూడనట్టు పోతారు గానీ పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

మా అమ్మమ్మ వాళ్ళది కోనసీమలో సరిగ్గా అలాంటి ఇల్లే. పడగొట్టి పదేళ్ళు దాటింది. మిగిలినవి నాలుగు పెళ్ళి ఫోటోలు, వాటిలో ఇంటికంటే చుట్టాలే ఎక్కువ కనిపిస్తారు. కొలతల కోసం మావయ్యకి ఫోన్ చేశాను. "వసారా వెడల్పు ఎంత ఉండేది మావయ్యా" అంటే, "రెండు నవారు మంచాలు పక్కపక్కన వేస్తే ఒక మనిషి నడవడానికి చోటుండేదమ్మాయ్" అన్నాడు. అరుగు ఎత్తు అడిగితే "మీ తాతయ్య కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనేవి, నువ్వు కూర్చుంటే ఊగేవి" అన్నాడు. సరే అని ముందు మంచాలు చేసి, వాటి చుట్టూ వసారా కట్టాను.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. బ్లెండర్ పూర్తిగా ఉచితం, ట్రయల్ కాదు, నెల తర్వాత డబ్బులడగదు. టాన్ రూజెండాల్ అనే డచ్ ఆయన 1994లో మొదలుపెట్టాడు, నడిపిన కంపెనీ 2002లో మూతపడితే జనం ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి దాని కోడ్‌ని అందరిదీ చేశారు. అప్పట్నుంచీ ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్సు మీద నడుస్తోంది. ఆ లైసెన్సు సాఫ్ట్‌వేర్‌కే, మనం అందులో చేసుకున్న బొమ్మకి కాదు. నేను కట్టిన ఇల్లు నాదే, దాన్ని చూసి వేసిన బొమ్మా నాదే. నా 8 జీబీ ర్యామ్ పాత లాప్‌టాప్‌లో ఒక ఇంటి వరకు బాగానే నడుస్తుంది, పెంకులన్నీ ఒక్కసారి చూపించమంటే మాత్రం ఫ్యాను విమానంలా మోగుతుంది.

నేర్చుకోవడం సులభం అని ఎవరైనా అంటే నమ్మకండి. తెరవగానే మధ్యలో ఒక బూడిదరంగు డబ్బా ఉంటుంది, ప్రతి పక్కా రెండు మీటర్లు. మొదటి వారం నేను దాన్ని జరిపాను, తిప్పాను, పోగొట్టుకున్నాను, మళ్ళీ వెతుక్కున్నాను. జీ నొక్కితే జరుగుతుంది, ఆర్ నొక్కితే తిరుగుతుంది, ఎస్ నొక్కితే పెద్దదో చిన్నదో అవుతుంది. ఈ మూడూ చేతికి అలవాటయ్యాక పని నడుస్తుంది. చిన్న లాప్‌టాప్ వాళ్ళకి ఒక మాట: కెమెరాలోంచి చూడాలంటే నంబర్ ప్యాడ్‌లో సున్నా నొక్కమంటారు, ఆ ప్యాడే లేనివాళ్ళు ప్రిఫరెన్సెస్‌లో ఎమ్యులేట్ నంప్యాడ్ ఆన్ చేసుకోవాలి. ఇది తెలియక నేను నాలుగు రోజులు వీధరుగు మీంచి ఇంట్లోకి వెళ్ళలేకపోయాను. ఇంకోటి, సేవ్ చేస్తూ ఉండండి. సగం కప్పు అలాగే పోగొట్టుకున్నాను, తప్పు నాదే.

గూన పెంకు దగ్గర మాత్రం దీనికి దణ్ణం పెట్టాను. ఒక్కటంటే ఒక్క పెంకు చేశాను. ఒకదాన్ని వరసగా కాపీలు పెట్టుకుంటూ పోయే అర్రే అనే మోడిఫయర్ పెడితే అది వరసైంది, ఇంకో అర్రే పెడితే వాలు మొత్తం నిండింది. రెండు వాలులు కలిసే మూల దగ్గర పెంకులు ఒకదాంట్లో ఒకటి దూరిపోతే అక్కడ కోసుకున్నాను. ఆ మూలలో నీళ్ళు ఎక్కువ దిగుతాయని, అందుకే అక్కడి వాసం మిగతావాటికంటే లావుగా ఉండేదని, ఆ వాసమే మొదట పుచ్చేదని మావయ్య చెప్పాడు. చిన్నప్పుడు ఆ వాసం కిందే పడుకునేదాన్ని, ఎప్పుడూ తలెత్తి చూడలేదు.

తర్వాత వెలుగు. ఒక సూర్యుణ్ణి పెట్టి సాయంత్రం నాలుగింటి వాలులోకి తిప్పాను. చూరు నీడ స్తంభం మీద ఏటవాలుగా తెగి, వసారా నేల మీద పడి, గోడ ఎక్కింది. ఇరవై ఏళ్ళుగా నేను ఆ నీడని తిన్నగా గీస్తున్నాను, ఒక్క ఎడిటర్ కూడా అడగలేదు. బ్లెండర్‌లో కెమెరా లెన్సు మొదట 50 ఎంఎం దగ్గర ఉంటుంది, ఆ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ చోటు కనిపిస్తుంది. అంతా కనిపించాలన్న ఆశతో 18కి తగ్గిస్తే అమ్మమ్మ వాళ్ళ వసారా సామర్లకోట జంక్షన్ ప్లాట్‌ఫారం అంత పొడవైంది. దాన్ని అలాగే గీసేస్తే చూసినవాళ్ళకి ఏదో తేడా కొడుతుంది, ఏమిటో చెప్పలేరు.

ఇక గొడవ. నాతో పాటే బొమ్మలు నేర్చుకున్న స్నేహితుడు ఒకడు మా ఇంటికొచ్చి తెర మీద ఇల్లు చూసి, "ఇదేంటి, గీయడం రానివాళ్ళు చేసే పని కదా" అన్నాడు. వెంటనే మన తెలుగు ఆర్టిస్టులందరూ ఎప్పుడో ఒకప్పుడు విసిరే అస్త్రం విసిరాడు, "బాపు గారికి ఏ త్రీడీ ఉంది?" నిజమే, లేదు. ఆయన నాలుగు గీతలు వేస్తే ఇల్లు, ఇంట్లో మనిషి, ఆ మనిషి అలక కూడా కనిపించేవి. ఆయనకి అక్కర్లేదు, నాకు కావాలి. బాపు గారికి అక్కర్లేనివన్నీ మానేయాలంటే నేను రబ్బరు కూడా పారేయాలి.

అసలు నమూనా కట్టుకుని బొమ్మ వేయడం కంప్యూటర్‌తో వచ్చిన అలవాటు కాదు. వెనిస్‌లో టింటొరెట్టో అనే చిత్రకారుడు 16వ శతాబ్దంలోనే మైనంతో, మట్టితో చిన్న మనుషుల్ని చేసి, గుడ్డపేలికలు కట్టి, చెక్కతో అట్టతో ఇళ్ళు చేసి వాటిలో నిలబెట్టి, కిటికీల్లో దీపాలు పెట్టి నీడలు చూసుకునేవాడట. ఎగిరే దేవదూతల్ని పై దూలాలకి దారాలతో వేలాడదీసేవాడట. 1642లో ఆయన జీవితం రాసిన రిడోల్ఫి ఈ సంగతులన్నీ చెప్పాడు. స్పెయిన్‌లో ఎల్ గ్రెకో అనే చిత్రకారుడి దగ్గరికి 1611లో వెళ్ళిన పచేకో అనే ఇంకో చిత్రకారుడికి, ఎల్ గ్రెకో చేసుకున్న మట్టి నమూనాలు ఒక బీరువా నిండా కనిపించాయి. ఇంగ్లండులో గెయిన్స్‌బరో అనే చిత్రకారుడు బల్ల మీద బొగ్గుముక్కలు కొండలుగా, బ్రోకలీ చెట్లుగా, అద్దం ముక్క చెరువుగా పెట్టుకుని ప్రకృతి దృశ్యాలు వేసేవాడు. ఫ్రెంచి చిత్రకారుడు దేగా 1917లో పోయాక ఆయన స్టూడియోలో నూటయాభై దాకా శిల్పాలు బయటపడ్డాయి, ఎక్కువ భాగం మైనంవే, బతికుండగా ఆయన జనానికి చూపించింది వాటిలో ఒక్కదాన్నే. వీళ్ళలో ఎవర్నీ దొంగ అనగా నేను వినలేదు.

అంత దూరం ఎందుకు, ఎడ్లబండి వేయాల్సి వచ్చినప్పుడు నా స్నేహితుడు ఏం చేస్తాడో నాకు తెలుసు. బల్ల మీద కొండపల్లి బండి పెట్టుకుని, అటూ ఇటూ తిప్పుకుని వేస్తాడు. అదెవరూ తప్పనరు, నేనూ అనను. కాని లెక్క చూస్తే ఆ బండి వేరేవాళ్ళ పనితనం, పొణికి చెక్క చెక్కి రంగులేసిన మనిషిది. నా ఇల్లు ప్రతి వాసమూ నేను పెట్టింది. మరి ఎవరిది ఎక్కువ అప్పు? ఇదే అడిగితే టీ తాగేసి వెళ్ళిపోయాడు.

అయినా వాడి మాటలో పూర్తిగా కొట్టిపారేయలేనిది ఒకటుంది, అది నాకు ఆలస్యంగా తగిలింది. మైనపు బొమ్మ ముందు కూర్చున్నవాడు ఆ గుండ్రటి వస్తువుని కాగితం మీదికి తన కళ్ళతో దించుకోవాలి. కంప్యూటర్ ఆ దించే పని కూడా చేసిపెట్టేస్తుంది. తెర మీద ఉన్నది అప్పటికే చదునైన బొమ్మ. ప్రింటు తీసి, లైట్ బాక్స్ మీద, అంటే కింద నుంచి వెలుగొచ్చే పలక మీద పెట్టి, పైన గీసేస్తే చాలు. బ్లెండర్‌లో ఫ్రీస్టైల్ అని ఒక టిక్కుంటుంది, అది పెడితే ఆ గీతలు కూడా అదే వేసిస్తుంది, ఇక లైట్ బాక్స్ కూడా దండగే.

మొదటి ఆరు పేజీలూ నేను అలాగే వేశాను, లైట్ బాక్స్ మీద, గీత మీద గీత. డెడ్‌లైన్ టెన్షన్ అని చెప్పొచ్చు గానీ నిజానికి బద్ధకం. చాలా మురిసిపోయి మావయ్యకి వాట్సాప్‌లో పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు. "ఇల్లు మనదే అమ్మాయ్. కానీ ఎవరూ కాపురం చెయ్యనట్టుందేమిటి?"

తీసి చూసుకుంటే నిజంగానే ఇల్లు చచ్చిపడి ఉంది. పెంకులన్నీ సైన్యంలా వరసలో ఉన్నాయి, ఒక్కటి జారలేదు. కప్పు నడుం ఎక్కడా వంగలేదు. స్తంభాలన్నీ ఒకే మనిషి అచ్చుల్లా. గీత ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తొందరపడలేదు, ఏది ముఖ్యమో ఏది కాదో దానికి తెలియదు, దూరంగా ఉన్న గూట్లో దీపానికీ ఎదురుగా ఉన్న పిల్ల చెయ్యికీ ఒకే మర్యాద. ఆ ఆరు పేజీలూ చింపేశాను. అప్పట్నుంచీ పద్ధతి మార్చుకున్నాను: కెమెరా పెట్టుకుంటాను, చిన్న కాగితం మీద పెన్సిల్‌తో పెద్ద వాలులు, నీడ ఎక్కడ తెగుతుందో అంతవరకు చూసి గీసుకుంటాను, లాప్‌టాప్ మూసేస్తాను, అసలు బొమ్మ దాన్ని చూడకుండా వేస్తాను. అయ్యాక ఒక్కసారి తెరిచి స్తంభాలు లెక్కపెట్టుకుంటాను. ఎనిమిదే ఉంటున్నాయి. దూలం కాస్త వంకర పోతే పోనిస్తున్నాను.

మనుషుల్ని మాత్రం నేను కట్టను. క్లిప్ స్టూడియో లాంటి బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్లలో రెడీమేడ్ త్రీడీ బొమ్మలుంటాయి, చేతులు కాళ్ళు తిప్పుకోవచ్చు, కానీ గొంతుక్కూర్చుని బియ్యం ఏరే అమ్మమ్మని వాటితో కూర్చోబెట్టడం కంటే నేనే అద్దం ముందు కూర్చోవడం తేలిక.

ఎవరో చేసిన మోడల్స్ దింపుకోవడం సంగతి వేరు. ఇంకో పుస్తకానికి గుడి మండపం కావాల్సి వచ్చి ఓ సైట్‌లో డబ్బులిచ్చే కొన్నాను, పేరు చెప్పను. తర్వాత తెలిసింది, అది ఏదో వీడియో గేమ్‌లోంచి ఊడబీకి పెట్టిందట, అమ్మినవాడికే దాని మీద హక్కు లేదు. పుస్తకం అచ్చుకి వెళ్ళేలోపు రెండు పేజీలు మళ్ళీ వేశాను, ఆ డబ్బులు ఎవరూ ఇవ్వలేదు. ఉచితంగా దొరికేవాటి మీద కూడా లైసెన్సు చూడండి, క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుల్లో సీసీ-జీరో అంటే ఎలా అయినా వాడుకోవచ్చు, సీసీ-బై అంటే చేసినవాళ్ళ పేరు వేయాలి, ఎన్‌సీ అని ఉంటే అమ్ముకునే పుస్తకానికి పనికిరాదు. మన కళ్ళెదుట ఉన్న కట్టడాన్ని బొమ్మగా వేయడానికి మాత్రం భయం అక్కర్లేదు, మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లోనే దానికి మినహాయింపు ఉంది.

ఈమధ్య ఇంకో తలనొప్పి. ఒక పబ్లిషర్ ఒప్పందంలో ఏఐ వాడలేదు అని సంతకం పెట్టాను. రఫ్‌లతో పాటు పొరపాటున బూడిదరంగు ఇల్లు ప్రింటు కూడా వెళ్ళింది. ఇక చూడండి, అది ఏఐ కాదని, ఎవరి బొమ్మలూ మింగి తయారైంది కాదని, నేనే మంచాల లెక్కతో కట్టానని అర్థమయ్యేలా చెప్పడానికి మూడు ఫోన్ కాల్స్ పట్టింది. ఇప్పుడు నేనే ముందుగా ఒక లైను రాసి పంపుతున్నాను: ఇంటి నమూనా కంప్యూటర్‌లో నేను కట్టుకున్నది, బొమ్మలు చేత్తో వేసినవి.

పాఠకుడికి ఈ లైను అక్కర్లేదని నా అభిప్రాయం. పిల్లల పుస్తకం చదివేవాళ్ళకి కావాల్సింది పిల్లి, వాన. కానీ చూసినదాన్ని చూసినట్టు గీయగలవా అన్నదే పరీక్ష అయినచోట, అంటే పోటీల్లో, కాలేజీ సీటు కోసం ఇచ్చే పోర్ట్‌ఫోలియోలో, అక్కడికక్కడే వేశానని చెప్పుకునే స్కెచ్‌బుక్‌లో, నమూనా పెట్టుకుని చెప్పకపోతే అది అబద్ధమే, ఆ నమూనా నువ్వే కట్టినా సరే. మా పక్కింటి అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, బ్లెండర్ నేర్పమన్నాడు. నేర్పుతున్నాను, దాంతో పాటు రోజూ వాళ్ళ వంటిల్లు కూడా గీసుకురమ్మన్నాను. రెండోది చేయట్లేదు.

ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, ఇది టైం తినేస్తుంది. ఇల్లు కట్టడానికి మూడు వారాలు పట్టింది. ఏ పేజీలోనూ కనిపించని దీపపు గూటికి ఒక ఆదివారం మొత్తం పెట్టాను. ఒకటి రెండు బొమ్మల కోసమైతే వద్దు, అట్టపెట్టె కోసి పెట్టుకున్నా సరిపోతుంది. ఒకే చోటు పదిసార్లు తిరిగొచ్చే పుస్తకమైతేనే ఇందులో దిగండి.

ఇంకొకటి చెప్పకపోతే నాకే బాగోదు. పుస్తకం వచ్చాక ఒరిజినల్స్ కొన్ని ఎగ్జిబిషన్‌లో పెట్టాం. ఒకాయన వాన పేజీ ముందు చాలాసేపు నిలబడి, "ఇదంతా చేత్తోనే వేశారా అమ్మా" అని అడిగారు. "అవునండీ" అన్నాను. అబద్ధం కాదు. ఆయన కొన్నారు, నేను డబ్బులు తీసుకున్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆయన అడిగిన ప్రశ్నకీ నేను జవాబిచ్చిన ప్రశ్నకీ తేడా నాకు తెలుసు. రెండు రోజులు ఆగి ఫోన్ చేసి మొత్తం చెప్పాను, కావాలంటే వెనక్కి తీసుకుంటానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ ఇల్లు ఇంకా మీ కంప్యూటర్‌లో ఉందా? మా అమ్మకి లోపలికి తీసుకెళ్ళి చూపించగలరా?" అన్నారు.

వాళ్ళది రాజోలు వైపు. లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. ఎనభై దాటిన ఆవిడ, కళ్ళజోడు సర్దుకుని వీధి గుమ్మంలోంచి వసారాలోకి, వసారాలోంచి మండువాలోకి చాలా నెమ్మదిగా చూస్తూ వచ్చి, ఒక్క చోట ఆగిపోయి, "తూము ఇటు పెట్టావేమ్మా, వీధివైపు కదా ఉండాలి" అన్నారు. మా ఇంట్లో పెరటివైపే ఉండేదండీ అన్నాను. ఒప్పుకోలేదు.